మందబుద్ధియు సీసమును

మన పాఠశాలలలో చిరకాలముగా నొక దృశ్యము కానవచ్చుచున్నది. తరగతిలో కడపటి వరుసను ఒక బాలుడు కూర్చుండును. ఉపాధ్యాయుడు చెప్పినది వాని చెవిని బడును గాని మనస్సున నిలువదు. నిన్న వచ్చిన ఎక్కము నేడు రాదు. ఒకచోట కుదురుగా కూర్చుండలేడు, ఊరకయే కోపగించుకొనును. ఉపాధ్యాయుడు వానిని మొద్దనును. తండ్రి సోమరి యనును. తల్లి వాని నొసటివ్రాత యింతే యని కన్నీరు పెట్టుకొనును. బెత్తము, తిట్టు, మ్రొక్కుబడి యను నీ మూడును వానికి జరుగు చికిత్సలు. వానికి నిజముగా నేమైనదో విచారించువా రరుదు.

మందబుద్ధికి కారణములు పెక్కులు గలవు. పుట్టుకతో వచ్చునవి కొన్ని, ఆకలివలన వచ్చునవి కొన్ని, చూపునకును వినికిడికిని గల లోపముచే కలుగునవి కొన్ని. వీని నన్నిటిని ఒక్క గాట కట్టుట మా యుద్దేశము కాదు. అయితే ఆ కారణములలో నొకటి మనుష్యులు చేతులార తెచ్చిపెట్టినది, కొలిచి చూడదగినది, పూనినచో తొలగింపదగినది. అది సీసము. సీసమనగనే మన సాహిత్యప్రియులకు పద్యము స్ఫురించును గాని, మేము చెప్పబోవునది లోహమును గూర్చి. దాని చరిత్రమును చదువగా మాకొక సంగతి విస్పష్టముగా తోచినది. ఇది విషమను జ్ఞానము లోకమునకు మొదటినుండియు నున్నది. హాని గలదని చూపవలసిన భారము హాని పొందువానిదా, హాని లేదని చూపవలసిన భారము అమ్ముకొనువానిదా యను వ్యాజ్యెము మాత్రము శతాబ్దములతరబడి తప్పుడు తీర్పునే పొందుచు వచ్చినది.

సీసము మెత్తని లోహము. కొద్దిపాటి నిప్పుసెగకే కరగును, ఏ యచ్చున పోసిన ఆ యాకారమును పొందును, నీటికి త్రుప్పుపట్టదు. ఇట్టి వినయముగల లోహమును ప్రాచీనులు మిక్కిలి ప్రేమించిరి. మన సాతవాహనులు దానితో నాణెములు ముద్రించిరి. పల్నాటిసీమలో అగ్నిగుండాల ప్రాంతమున దాని ఖనిజము గలదు. రోమకులు నీటిగొట్టములను సీసముతో చేసికొనిరి; అంతటితో నూరకుండక ద్రాక్షరసమును సీసపు పాత్రలలో కాచి చిక్కబరచి, ఆ తీపిని వంటకములలోను మద్యములోను కలుపుకొనిరి. రాగిపాత్రలు రుచి చెరచునని, సీసపు పాత్రలే మేలని వారి కృషిశాస్త్రకారుడు కొలుమెల్లా వ్రాసెను. అయినను అంతకు పూర్వమే, సుమారు రెండువేల యేండ్లక్రిందట, విత్రూవియసు అను వాస్తుశిల్పి సీసపు గొట్టములకంటె మట్టిగొట్టములు మంచివని హెచ్చరించి, సీసము కరగించు పనివాండ్ర పాలిపోయిన ముఖములను సాక్ష్యముగా చూపెను. హెచ్చరిక గ్రంథములో నిలిచినది. సీసము గొట్టములలో నిలిచినది.

తరువాతి యుగములలోను ఇదే వరుస. ఇంగ్లండులోని డెవను సీమయందు ఆపిలుపండ్ల మద్యము త్రాగువారికి దారుణమైన కడుపునొప్పియు, చేతులు పడిపోవుటయు సంభవించుచుండెను. 1767లో జార్జి బేకరు అను వైద్యుడు దానికి కారణము రసము తీయు గానుగలకు పొదిగిన సీసమే యని పరీక్షించి నిరూపించెను. ఆయన ఆ సీమవాడే యైనను ఆ సీమవారు ఆయనకు కృతజ్ఞత చూపుటకు మారుగా నిందించిరి. వ్యాపారము చెడునని వారి భయము. యౌవనమున అచ్చుకూటములో పనిచేసిన బెంజమిను ఫ్రాంక్లిను 1786లో ఒక స్నేహితునికి వ్రాసిన లేఖలో, సీసపు అక్షరములను వేడిచేసి పట్టుకొనువారికి కలుగు వ్యాధి అరువదియేండ్లకు పూర్వమే తెలిసినదని జ్ఞాపకము చేసి, ప్రయోజనకరమైన సత్యము తెలిసిన పిమ్మట ఆచరణలోనికి వచ్చుటకు ఎంతకాలము పట్టునో చూడుమని వాపోయెను. 1839లో ఫ్రాన్సుదేశపు వైద్యుడు తాంకెరెలు దె ప్లాంషు సీసపు పనివాండ్రలో వేయికి మించిన రోగులను పరీక్షించి పెద్ద గ్రంథమును ప్రకటించెను. ఆ రోగము మెదడునకెక్కి మూర్ఛలును ఉన్మాదమును కలిగించునని అందు వర్ణింపబడినది.

ఇంతవరకు ఇది పెద్దల కథ, పనివాండ్ర కథ. కూలి పుచ్చుకొని పనిచేయువాడు తెలిసియే అపాయమునకు ఒప్పుకొన్నాడని యజమానులు చెప్పుకొనుట కవకాశ ముండెను. పిల్లలవిషయమున ఆ మాటకు తావు లేదు. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేను నగరమున 1892 ప్రాంతమున జెఫెరిసు టర్నరు, లాకుహార్టు గిబ్సను మొదలైన వైద్యులు ఏ కార్ఖానాయు నెరుగని పిల్లలలో సీసవ్యాధిని కనిపెట్టిరి. మణికట్టు జారిపోయిన పిల్లలు, చూపు చెడిన పిల్లలు, మూర్ఛలతో వచ్చిన పిల్లలు. ఆ విషము ఎచ్చటినుండి వచ్చుచున్నదో తెలియక నీటిని, పాత్రలను, బొమ్మలను వెదకి వెదకి తుదకు 1904లో గిబ్సను తన నిర్ణయమును ప్రకటించెను. ఆ యూరి యిండ్లు కఱ్ఱతో కట్టినవి. చుట్టును వసారాలు, వసారాలకు రంగు పూసిన కటకటాలు. ఎండకు ఆ రంగు పొడియై రాలును. పిల్లలు కటకటాలను పట్టుకొని యాడుకొందురు, గోళ్లు కొరుకుదురు, వ్రేళ్లు నోట పెట్టుకొందురు. ఆ రంగు సీసపు తెల్లముతో చేసినది. విషము అమ్మ కట్టించిన వసారాలో నుండెను.

ఈ నిర్ణయమును తోడి వైద్యులే చాలమంది వెంటనే నమ్మలేదు. అయినను 1921లో అంతర్జాతీయ కార్మికసంస్థ ఇండ్లలోపలి రంగులందు సీసపు తెల్లమును నిషేధించుటకు ఒక ఒడంబడికను ఆమోదించెను. 1922లో క్వీన్సులాండు ప్రభుత్వము పిల్లల చేతికందు చోట్ల అట్టి రంగును పూయరాదని శాసించెను. అమెరికా సంయుక్తరాష్ట్రములు ఇండ్లరంగులలో సీసమును నిషేధించినది 1978లో. మన దేశమున ఇండ్లకు పూయు రంగులలో సీసము పదిలక్షలలో 90 భాగములకు మించరాదను నియమము 2016లో వెలువడి 2017 నవంబరు నుండి అమలులోనికి వచ్చినది. గిబ్సను ప్రకటనకును మన నియమమునకును నడుమ 112 సంవత్సరములు గడచినవి. ఆ కాలమున ఎన్ని తరముల పిల్లలు కటకటాలు పట్టుకొని యాడుకొనిరో చదువరులే యూహింతురు గాక.

సీసవ్యాధి సోకిన పిల్లవాడు చావక బ్రదికినచో పూర్తిగా కోలుకొనినట్లేయని వైద్యులు చాలకాలము తలచిరి. 1943లో బాస్టనునందు బయర్సు అను వైద్యుడును, లార్డు అను మనశ్శాస్త్రజ్ఞురాలును అట్లు కోలుకొనినట్లు భావింపబడిన 20 మంది పిల్లలను బడులదాక వెంబడించి పరీక్షించిరి. వారిలో ఒక్కడుదప్ప తక్కినవారెవ్వరును చదువున తగినంత అభివృద్ధి పొందలేదు. ఆ పిల్లలు మందులు తిని లేచిన రోగులు. బడిలో మాత్రము మొద్దులని, అల్లరివారని పేరు పొందినవారు. మేము మొదట చెప్పిన బాలుని ముఖమును వైద్యశాస్త్రము బహుశః ఈ పరీక్షయందే మొదటిసారి గుర్తుపట్టినది.

ఇంతలో సీసము మరియొక త్రోవను వీధులలోనికి వచ్చియుండెను. మోటారు ఇంజనులో పెట్రోలు అకాలమున మండి టకటకమని కొట్టుకొనుట ఒక పెద్ద చిక్కుగా నుండెను. 1921 డిసెంబరులో అమెరికాలోని డేటను నగరమున థామసు మిడ్జిలీ అను శోధకుడు టెట్రాయిథైలు సీసమను ద్రవమును కొంచెము కలిపినచో ఆ శబ్దము అణగునని కనుగొనెను. ధాన్యమునుండి తీసిన సారాయముకూడ ఆ పనియే చేయునని ఆ శోధకులే యెరుగుదురు; కాని సారాయమును వాడుటపై ఎవరికిని ప్రత్యేకమైన హక్కు దొరకదు. 1923 ఫిబ్రవరిలో సీసపు పెట్రోలు అమ్మకమునకు వచ్చినది. దానికి పెట్టిన పేరు ‘ఇథైలు’. పేరులో సీసము ప్రసక్తి లేకుండ జాగ్రత్తపడిరి.

1924 అక్టోబరులో న్యూజెర్సీలోని బేవే కార్ఖానాలో ఈ ద్రవమును తయారుచేయు పనివాండ్రు భ్రాంతిచెంది, లేనివానిని చూచి కేకలువేసి, కట్టివేయవలసిన స్థితికి వచ్చిరి. వారిలో అయిదుగురు మరణించిరి. ముప్పదిమందికి పైగా ఆసుపత్రి పాలైరి. ఆ నెలాఖరున మిడ్జిలీ పత్రికావిలేఖరుల యెదుట ఆ ద్రవముతో చేతులు కడుగుకొని, దాని వాసన పీల్చి, భయము లేదని చూపెను. అంతకు ముందటి యేడే ఆయన సీసముచే జబ్బుపడి విశ్రాంతి తీసికొనియుండెను.

1925 మే 20వ తేదీని వాషింగ్టనులో ప్రభుత్వ వైద్యాధికారి ఒక సభ చేసెను. చరిత్రలో మా దృష్టికి మిక్కిలి ముఖ్యమైన దినమిది. హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉపాధ్యాయపదవి పొందిన మొదటి స్త్రీయగు ఆలిసు హామిల్టను, యేలు విశ్వవిద్యాలయపు యాండెలు హెండర్సను మొదలగువారు ఈ సీసము కార్ఖానాలో ఆగదని, వీధివీధినా ధూళియై దిగునని, ప్రజలు మేల్కొనునప్పటికి దానిని మానలేనంతగా వ్యాపించునని హెచ్చరించిరి. రెండవ పక్షమువారు హాని చూపుడనిరి. ఒక సంఘము నియమింపబడెను. అది 252 మందిని కొద్ది నెలలు పరీక్షించి, నిషేధించుటకు తగిన హేతువు కనబడలేదని 1926 జనవరిలో నివేదించెను. పరీక్షలు ఇకముందును సాగవలెనని ఆ సంఘమే చేసిన సూచనను మాత్రము ప్రభుత్వము పట్టించుకొనలేదు. ఆ పని పరిశ్రమవారి ధనముతో పనిచేయు రాబర్టు కీహో అను వైద్యుని చేతికి పోయెను. సీసము మనుష్యదేహమున సహజముగనే యుండునని, ఒక మేర దాటినగాని హాని లేదని ఆయన ఇంచుమించు నలువదియేండ్లు బోధించెను. మెక్సికోదేశపు మారుమూల పల్లెవాసుల దేహములందును సీసమున్నదని నిదర్శనము చూపెను. ఆ పల్లెవాసులు వండుకొను మట్టిపాత్రలకు సీసపు పూత యుండెనన్నది వేరే సంగతి.

ఈ వాదమును ఛేదించినవాడు వైద్యుడు కాడు, భూగర్భ రసాయనజ్ఞుడు. క్లెయిరు పాటర్సను భూమి వయస్సు సుమారు 455 కోట్ల సంవత్సరములని 1956లో తేల్చినవాడు. ఆ గణనకు సీసమును అత్యల్పపరిమాణములలో కొలువవలసివచ్చెను. కొలువబోగా బల్లమీద సీసము, గాలిలో సీసము, తన తలవెండ్రుకలలో సీసము. దానిని తొలగించుటకు ఆయన పరిశోధనశాలను మడికట్టుకొనిన వంటయింటికంటె శుభ్రముగా కట్టుకొనెను. అప్పుడాయనకొక సందేహము పుట్టెను: ఇంత సీసము సహజమగునా? 1965లో ఆయన ప్రకటించిన వ్యాసమునుబట్టి ఆనాటి అమెరికనుల దేహములలోని సీసము సహజముగా నుండదగినదానికి ఇంచుమించు నూరు రెట్లు. కీహో చెప్పిన ‘సాధారణము’ సాధారణముగా కనబడునది మాత్రమే, సహజమైనది కాదు. తరువాత ఆయన గ్రీన్లాండు మంచుపొరలను త్రవ్వించి, సీసము ఏ యేటి కాయేడు పెరిగినదో మంచుచేతనే సాక్ష్యము చెప్పించెను. అందరికిని సోకిన వ్యాధిని ఆరోగ్యమని పిలుచుట మనకు సాంఘికవిషయములందు చిరపరిచితమే. బాల్యవివాహమును కూడ మనవారు సహజమనియే చెప్పుచుండిరి గదా!

1979లో హెర్బర్టు నీడిల్మను అను వైద్యుడు మసాచుసెట్సులో ఒకటవ రెండవ తరగతుల పిల్లల రాలిన పాలపండ్లను సేకరించి వానిలోని సీసమును కొలిచెను. ఈ పిల్లలలో ఎవరును రోగులుగా కనబడినవారు కారు. ఉపాధ్యాయులకు ఎవరి పంటిలో ఎంత సీసమున్నదో తెలియదు. అయినను పంటిలో సీసము హెచ్చినకొలది, ఉపాధ్యాయుడు ‘వీనికి మనస్సు నిలువదు, చెప్పినది చేయలేడు’ అని వ్రాసిన పిల్లల సంఖ్య హెచ్చుచు వచ్చెను. బుద్ధిపరీక్షలలో వారి గణ్యత తగ్గెను. ఈ సత్యమును చెప్పినందుకు 1991లో ఆయనపై కపటపరిశోధన చేసెనను నింద మోపబడెను. విచారణలో ఆయన నిర్దోషిగా తేలెను.

సీసము చేయు పని సూక్ష్మమైనది. దేహము దానిని సున్నపుధాతువుగా భ్రమపడి లోనికి రానిచ్చును. మెదడు రూపొందు కాలమున నాడులు ఒకదానితో నొకటి కలియుటకు ఆ ధాతువే దూతవలె పనిచేయును. దూతవేషమున శత్రువు ప్రవేశించినచో ఏమగునో చెప్పనక్కరలేదు. పెద్దవాడు మ్రింగిన సీసములో పదవవంతో అంతకు కొంచె మెక్కువయో రక్తమున చేరును. పసిపిల్లలో సగము వరకు చేరవచ్చును. ఇనుమును సున్నపుధాతువును తక్కువగా తిను పేదబిడ్డలో ఇంకను హెచ్చుగా చేరును. చేరినది ఎముకలలో దాగి పదులకొలది యేండ్లుండి, గర్భకాలమున తల్లి ఎముకనుండి కరగి కడుపులోని బిడ్డకు పోవును. తాను బాల్యమున తినిన విషమును తల్లి తనకు తెలియకయే బిడ్డకు పంచిపెట్టును. చెడిన మెదడును తిరిగి సరిచేయు మందు లేదు.

కావుననే ఎంత సీసము వరకు భయము లేదను ప్రశ్నకు సమాధానము దిగుచు దిగుచు వచ్చినది. డెసిలీటరు రక్తములో 60 మైక్రోగ్రాములు, అనగా గ్రాములో పదిలక్షవ భాగములు 60, దాటినగాని చికిత్స యక్కరలేదని అమెరికాలో 1960 ప్రాంతమున చెప్పుచుండిరి. ఆ మేర 1991లో 10కిని, 2012లో 5కును, 2021లో 3.5కును దిగినది. నిర్భయమైన పరిమాణమేదియు లేదని ప్రపంచారోగ్యసంస్థ నేడు చెప్పుచున్నది. మేర దిగిన ప్రతిసారియు ముందు ‘భయము లేదు’ అని ఇంటికి పంపబడిన పిల్లల మాటేమి?

మానివేయుటవలన మేలు కలుగునా యని సంశయించువారికి ఒక లెక్క. పెట్రోలునుండి సీసమును తగ్గించుచు వచ్చిన కాలమున అమెరికా ప్రజల రక్తములోని సగటు సీసము 12.8 నుండి 2.8 మైక్రోగ్రాములకు దిగినది. మొదటిది 1976-80 నడుమను, రెండవది 1988-91 నడుమను కొలిచినవి. ఏ ఔషధమును ఇంత స్వల్పకాలమున ఇంత మేలు చేయజాలదు. మన దేశమున 1995లో నాలుగు మహానగరములలో సీసము లేని పెట్రోలు ప్రవేశించెను. 2000 సంవత్సరమున దేశమంతట సీసపు పెట్రోలు నిలిచిపోయెను. 2021లో అల్జీరియా కడపటిదై దానిని మానినది. 1925నాటి సభలో వినబడిన హెచ్చరికకు లోకము జవాబు చెప్పుటకు 96 సంవత్సరములు పట్టినది.

ఇంతటితో కథ ముగిసినదని సంతోషింపరాదు. 2020లో ఐక్యరాజ్యసమితి బాలలనిధియు మరియొక సంస్థయు కలిసి ప్రకటించిన నివేదికనుబట్టి రక్తములో 5 మైక్రోగ్రాములకు మించిన సీసముగల పిల్లలు లోకమున సుమారు 80 కోట్లు. వారిలో సుమారు 27 కోట్ల 50 లక్షలు మన దేశమువారే. పెట్రోలు పోయినను త్రోవలు పెక్కులు మిగిలినవి. పాత బ్యాటరీలను పెరటిలో పగులగొట్టి కరగించు కొలుములు ఒక త్రోవ. ఆ పని చేసి వచ్చిన తండ్రి బట్టల ధూళి పసిబిడ్డ ఒడికి చేరును. గోడలపై పెచ్చులూడు పాత రంగులు, సీసపు పూతగల జాడీలు, సీసము కలిసిన సింధూరము, కాటుకవంటి సుర్మా, తగరమునకు మారు సీసము కలిపి వేసిన కళాయి, నాగభస్మము చేరిన మందులు, రంగు కొరకు కల్తీ చేసిన పసుపు, ఇవన్నియు నున్నవి. వీనిలో పెక్కింటిని మనము శుభమని, సౌభాగ్యమని, ఔషధమని యింట పెట్టుకొందుము. ఆచారమును దూషించుట మా యభిమతము కాదు. ఆచారము కోరినది పసుపును గాని, పసుపు రంగుగల సీసమును కాదు.

పసుపు సంగతి వచ్చినది కావున పొరుగుదేశపు సమాచారమొకటి చెప్పక తప్పదు. బంగ్లాదేశమున పసుపుకొమ్ములకు మెరుగు తెచ్చుటకు సీసముగల పచ్చరంగును పూయు వాడుక యుండెను. 2019లో అది శోధకులచే బయటపడగా ప్రభుత్వము పత్రికలలో హెచ్చరికలు ప్రకటించి, అంగళ్లలో నోటీసులంటించి, కొమ్ములను అక్కడికక్కడ పరీక్షించి, దోషులకు జుల్మానాలు వేసెను. ఆ యేడు పరీక్షించిన పసుపులో నూటికి 47 పాళ్ల సరకులో సీసము కనబడగా 2021లో ఒక్కదానిలోను కనబడలేదు. రోమకులనాటి కథ చదివి నిరాశ చెందినవారు ఈ రెండేండ్ల కథను చదివి ధైర్యము తెచ్చుకొందురు గాక. అక్కడ కొమ్ములను కొలిచిరి. రోగులు కూలువరకు వేచియుండలేదు.

మనకు లోపించినది ఈ కొలుచుటయే. 2020 డిసెంబరులో ఏలూరు పట్టణమున 600 మందికి మించి జనులు ఉన్నట్టుండి మూర్ఛలతో పడిపోయిరి. ఢిల్లీ వైద్యులు రోగుల రక్తములో సీసమును నికెలును కనుగొన్నామనిరి. పిమ్మటి విచారణ పురుగుమందుల శేషములను వేలెత్తి చూపినది. ఆ యుపద్రవమును సీసము ఖాతాలో వ్రాయుటకు మేము సాహసింపము. మేమడుగునది వేరు: ఆ జనుల రక్తములో ఏమున్నదో వారు వీధిలో కూలిన పిమ్మటగాని ఎవరును చూడలేదేమి? కూలిపోవు వ్యాధికి వైద్యులు పరుగెత్తి వత్తురు. బడిలో కడపటి వరుసను కూర్చుండు వ్యాధికి ఎవరు వత్తురు?

మేము కోరునవి పెద్ద కోరికలు కావు. పసిపిల్లల రక్తములో సీసమును కొలుచు ఏర్పాటు జిల్లా ఆసుపత్రులయందైనను ఉండవలెను. బ్యాటరీ కొలుములు నివాసములకు దూరముగా, నియమములకు లోబడి నడువవలెను. అందు పనిచేయువాడు స్నానము చేసి బట్టలు మార్చుకొని యింటికి పోవు వసతి ఉండవలెను. అమ్మువాడు తన రంగునందును పసుపునందును సీసము లేదని తానే నిరూపింపవలెను. ఇండ్లలో మనము చేయదగినవియు గలవు: తడిగుడ్డతో నేల తుడుచుట, తినుటకు ముందు పిల్లల చేతులు కడుగుట, పాలును ఆకుకూరలును పప్పును పెట్టుట, కళాయి వేయించునపుడు వేయుచున్నది తగరమేనా యని అడుగుట.

ఇక ఉపాధ్యాయులకొక విన్నపము. ఆ కడపటి వరుస బాలునిపై బెత్తమెత్తుటకు ముందు వాని తండ్రి చేయు పనియేదో, వాడు నివసించు వీధి యేదో యొకసారి అడుగుడు. వాని మందబుద్ధి సీసమువలననే కావచ్చును, కాకపోవచ్చును. కాని నొసటివ్రాతయని చేతులు ముడుచుకొనుటకు పూర్వము ఆ వ్రాతలో మనుష్యుల చేతివ్రాత యెంత గలదో కనుగొనుట మన విధి.